ఆంటీ క్యాలెండర్‌లో నా రూటర్

నాకు ముక్కు మీద కోపం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అమ్మ ఈ మాట అంటూనే ఉంది. కెనడాలో హామిల్టన్ వచ్చాక ఆ కోపాన్ని మింగడం నేర్చుకున్నాను. పూట గడవడానికి పనిచేసే షాపులో షిఫ్ట్ మేనేజర్ ముందు మింగాను. "మీకు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదు కదా" అన్న ప్రతి ఫోన్ కాల్ తర్వాతా మింగాను. ఒక్క శుక్రవారం మాత్రం మింగలేకపోయాను. ఆ రోజు సంగతి రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ముందు ఆ ఇంటి గురించి చెప్పాలి. నేను బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. నా నెత్తి మీద ఇంటి ఓనర్లు, అంకుల్, ఆంటీ. ఆ పైన రెండు గదుల్లో కాలేజీకి వెళ్లే నలుగురమ్మాయిలు. ఓనర్లది గోదావరి వైపు, మాది వరంగల్. అంకుల్ రెండువేల సంవత్సరం నాటి వైటూకే రోజుల్లో అమెరికా వెళ్లి, అక్కణ్నుంచి ఇక్కడికొచ్చి, సాఫ్ట్‌వేర్‌లోనే రిటైరయ్యారు. రిటైరైన సంగతి ఆయనకు తప్ప మా అందరికీ తెలుసు.

ఇంతమందికీ ఒకటే ఇంటర్నెట్ లైను. నేను చేరిన కొత్తలో సాయంత్రమైతే చాలు, ఇల్లు సంతలా ఉండేది. ఒకమ్మాయి ఏదో డౌన్‌లోడ్ పెడితే ఇంకో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయేది. ఆంటీ సీరియల్‌లో అత్తగారు నోరు తెరిచి అలాగే నిలబడిపోయేది. హైదరాబాద్‌లో ఐదేళ్లు నెట్‌వర్క్ సపోర్ట్‌లో పనిచేసినదాన్ని, ఇదంతా చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఒక వాడేసిన రూటర్ కొనుక్కొచ్చాను. రూటర్ నడవడానికి దాని లోపల ఉండే సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ వాళ్లు వేసిన ఫర్మ్‌వేర్ తీసేసి, ఎవరైనా తమకు తగ్గట్టు మార్చుకోగల ఉచిత ఫర్మ్‌వేర్ వేశాను. దాని మీద ప్యాకేజీలు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, కావలసినవి చేర్చుకోవచ్చు. ఒకటి లైనును అందరికీ సమానంగా పంచుతుంది. ఒకటి ప్రకటనలను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇంకొకటి ఏ గదిలో ఎంత వాడుతున్నారో గ్రాఫు గీసి చూపిస్తుంది. అలా ఏడాది పట్టి పదకొండు ప్యాకేజీలు చేర్చాను. ఇంట్లో గొడవలు ఆగిపోయాయి. అత్తగారు నోరు మూసే సమయానికి మూస్తోంది.

లైను ఇంట్లోకి వచ్చేది పై వంటింట్లో కాబట్టి రూటర్ అక్కడే, ఫ్రిజ్ పక్కన అలమారా మీద ఉండేది. కొత్త ప్యాకేజీ వేసినప్పుడల్లా రీస్టార్ట్ చేసేదాన్ని. రెండు నిమిషాలు నెట్ పోయేది. ఆంటీకి ఆ రెండు నిమిషాలు రెండు గంటలు.

"మళ్లీ ఏం పెట్టావమ్మా దాన్లో?" అని అడిగేవారు.

ఆంటీ ఇంట్లో ఇండియన్ షాపు వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ ఉన్న రకం. ఆ గడుల్లో ఆవిడ రాయని విషయం లేదు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టర్ మార్చిన రోజు, పెరుగు తోడుకోని రోజు, ఎవరి వంతు మంచు ఎత్తడం, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఉంటాయి. నెట్ పోయిన రోజు కూడా రాయాల్సిందేనన్నారు. "నాకా పేర్లకి నోరు తిరగదు, నువ్వే రాయి, కింద సంతకం పెట్టు" అని పెన్ను చేతికిచ్చారు. నేను తప్పు చేసి హెడ్మాస్టర్ గదిలో నిలబడ్డట్టు ఆ బుల్లి గడిలో ఐమూలగా, చీమ తలకాయంత అక్షరాలతో ప్యాకేజీ పేరు రాసి సంతకం పెట్టేదాన్ని. ఒళ్లు మండిపోయేది. వాళ్లింట్లో నెట్ బాగుచేస్తున్నందుకు నాకు హాజరు పట్టీ! పదకొండు సార్లూ లోపల తిట్టుకుంటూనే పెట్టాను.

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొంప మునిగింది అక్కడే. చలికాలంలో ఒకరోజు అంకుల్ మెట్ల దగ్గర నిలబడి, "రూటర్ పాస్‌వర్డ్ ఒకటి నాకూ ఇచ్చి ఉంచమ్మా, ఎప్పుడైనా అవసరమొస్తుంది" అన్నారు. రూటర్ నాది. కొన్నది నేను, నడుపుతున్నది నేను. ఇవ్వకూడదని నాకు తెలుసు. కానీ ఆయన్ని అంకుల్ అని పిలుస్తున్నాను, పండగకి వాళ్లింట్లో పులిహోర తిన్నాను. ఆ పిలుపు పిలిచాక ఇక కాదనడానికి నోరెలా వస్తుంది? "ఏమీ మార్చకండి అంకుల్, చూడండి అంతే" అని చెప్పి ఇచ్చాను. "అయ్యో, నాకు తెలీదా అమ్మా" అన్నారాయన.

మార్చి నెలకి నా వర్క్ పర్మిట్‌కు మిగిలింది ఏడు నెలలు. ఈలోపు నా ఫీల్డులో ఉద్యోగం రాకపోతే పీఆర్ మీద, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడం మీద, ఆశ వదులుకోవాల్సిందే. అప్పటికే లెక్కలేనన్ని చోట్ల అప్లై చేశాను. చివరికి పక్క ఊరు ఓక్‌విల్‌లో ఒక చిన్న నెట్‌వర్క్ కంపెనీ నుంచి రెండో రౌండుకు పిలుపొచ్చింది. ఆ మెయిల్‌లో ఒక మాట ఉంది. మీకు ఇక్కడి అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, మీరు స్వయంగా కట్టి నడుపుతున్న నెట్‌వర్క్ ఏదైనా ఉంటే లైవ్‌లో చూపించండి, అని. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో. నా దగ్గర ఉన్నది అదొక్కటే, ఫ్రిజ్ పక్కన ఆ రూటర్. రెండేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న వీళ్లు అడిగారు.

శుక్రవారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. సంతోషం పట్టలేక పైకెళ్లి ఆంటీకి చెప్పాను. అంకుల్ క్యాలెండర్ చూసి మొహం చిట్లించారు. "శుక్రవారం పదిన్నర నుంచి రాహుకాలం కదమ్మా. టైము మార్పించుకోలేవా?" అన్నారు. నవ్వేసి కిందికి వచ్చేశాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

ఆ రోజు పొద్దున నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే లాప్‌టాప్‌లో వైఫై పోయి, కాసేపటికి వచ్చింది. పట్టించుకోలేదు. తొమ్మిదీ నలభైకి ఒకసారి చూసుకుందామని రూటర్ పేజీ తెరిచాను. గ్రాఫులు లేవు. మెనూలో వాటి పేర్లు కూడా లేవు. కింద ఫర్మ్‌వేర్ నంబరు చూస్తే కొత్తది.

మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరిగెత్తాను. అంకుల్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కాఫీ తాగుతూ కూర్చున్నారు.

"అంకుల్, రూటర్ ఏమన్నా ముట్టుకున్నారా?"

"ఆఁ, కొత్త వెర్షన్ వచ్చిందని చూపిస్తోంది కదా. ఇంటర్వ్యూలో నీకు వీడియో ఆగిపోకూడదని అప్‌గ్రేడ్ చేసేశా. రాహుకాలం రాకముందే కానిచ్చేశానమ్మా, భయం లేదు" అన్నారు, తృప్తిగా.

ఆ ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ అయితే మన సెట్టింగులు అలాగే ఉంటాయి. మనం చేర్చిన ప్యాకేజీలు మాత్రం పోతాయి. ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు గోడకి మేకులన్నీ ఉంచేసి, వాటికి తగిలించినవన్నీ వీధిలో పారేసినట్టు ఉంటుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లినా పోయినవి పోయినట్టే. పదకొండింటినీ పేరుపేరునా మళ్లీ దించుకుని వేయాల్సిందే. తెలిసినవాళ్లు అప్‌గ్రేడ్‌కు ముందు ఆ పేర్ల జాబితా దాచుకుంటారు. నేనూ దాచాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఎక్కడ దాచానో తెలుసా? ఆ రూటర్‌లోనే. అందులోనూ రీస్టార్ట్ చేయగానే ఖాళీ అయిపోయే తాత్కాలిక ఫోల్డర్‌లో. తర్వాత లాప్‌టాప్‌లోకి తీసుకుందామనుకుని మర్చిపోయాను. ఐదేళ్లు ఈ పనే చేసిన మనిషిని! ఆ క్షణాన అంకుల్ మీద ఎంత కోపం వచ్చిందో నా మీద నాకూ అంతే వచ్చింది.

లాప్‌టాప్ తెచ్చుకుని వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చున్నాను. గుర్తున్నవి గుర్తున్నట్టు వేయడం మొదలుపెట్టాను. ఏడు గుర్తొచ్చాయి. ఎనిమిదో పేరు దగ్గర బుర్ర పనిచేయడం మానేసింది. గ్రాఫు వచ్చింది కానీ ఇల్లంతటికీ కలిపి ఒకటే గీత వస్తోంది. గదివారీగా విడదీసి చూపించే చిన్న ప్యాకేజీ ఒకటి ఉంది, దాని పేరు మాత్రం రావట్లేదు. నేను ఇంటర్వ్యూలో చూపించాలనుకున్నది సరిగ్గా అదే. ఈ ఇంట్లో ఎవరి వాటా వాళ్లకి ఎలా వెళుతోందో చూపించకపోతే నా దగ్గర చూపించడానికి ఇంకేముంది? వాయిదా అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. నెట్‌వర్క్ ఉద్యోగానికి వెళుతూ, మా ఇంట్లో నెట్‌వర్క్ చెడిపోయింది సార్ అని ఏ మొహంతో చెప్పను?

అంకుల్ నా భుజం వెనకాలే నిలబడ్డారు. "రీస్టార్ట్ చేసి చూడమ్మా" అన్నారు. పళ్లు నూరుకున్నాను. "ప్లగ్ తీసి పది లెక్కపెట్టి పెట్టు" అన్నారు. ఊపిరి బిగబట్టాను. "మా రోజుల్లో అయితే" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగి, "అయినా నేను చేసింది నీ మంచికే కదా" అన్నారు.

నీ మంచికే! ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. పనికిరాని కోర్సులో చేర్చిన కన్సల్టెన్సీ వాడూ ఇదే అన్నాడు. రెజ్యూమెలో ఐదేళ్ల హైదరాబాద్ అనుభవం తీసేయమన్న సలహాదారుడూ ఇదే అన్నాడు. నా బతుకులో వేలుపెట్టిన ప్రతివాడూ నా మంచికే పెట్టాడు. చెడు చేద్దామనుకున్నవాడు ఒక్కడైనా తగిలితే ఎదురు తిరిగైనా తిట్టేదాన్ని. కోపమొస్తే నాలో వరంగల్ బయటికొస్తుంది.

"నా మంచి మీకు ఎవరు జూడమన్నరు అంకుల్? ముట్టుకోవద్దని చెప్పిన్నా లేదా? ఒక్కసారి నన్ను పిలిచి అడిగితే ఏం పోయేది మీకు? నా బతుకంత ఆ డబ్బాల ఉన్నది ఇయ్యాల, ఎరుకేనా మీకు?"

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. అంకుల్ మొహం చిన్నబోయింది. ఆయన్ని అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి సోఫాలో కూర్చున్నారు. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏడుపు కాదది, ఒట్టి కోపం.

ఆంటీ స్టవ్ ఆపి వచ్చారు. "ఏం కావాలమ్మా నీకిప్పుడు? నాకర్థమయ్యేలా చెప్పు" అన్నారు.

"పేర్లు కావాలి ఆంటీ. నేను దాన్లో వేసినవాటి పేర్లు. నాలుగు గుర్తు రావట్లేదు."

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "రాశావు కదా. ప్రతిసారీ రాసి సంతకం పెట్టావు కదా" అన్నారు.

తిట్టుకుంటూ చేసిన పని కదా, చేసినట్టే గుర్తులేదు. గోడ మీద క్యాలెండర్ దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాను. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి దొరికాయి. మిగతావి నిరుడు వేసినవి.

"పాత క్యాలెండర్ పారేశారా ఆంటీ?"

"పారేయడమేమిటి, అంత మంచి కాగితం!" అంటూ ఆవిడ అలమారా తలుపులు తెరిచారు. ఆ షీట్లన్నీ పచ్చడి జాడీల కింద పరిచి ఉన్నాయి. మా అమ్మ కూడా అంతే చేస్తుంది, క్యాలెండర్ కాగితం వేయని అలమారా మా ఇంట్లో లేదు. ఆంటీ ఒక్కో జాడీ తీసి నా చేతికి ఇస్తుంటే నేను కింద పెడుతున్నాను. గోంగూర కింద అక్టోబరు దొరికింది, అందులో ఒక పేరు ఉంది. నిమ్మకాయ కింద ఆగస్టు, అందులో నాకు గుర్తున్నదే ఉంది. పదీ నలభై ఐదు అయింది. రాహుకాలం మొదలైందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్ద ఆవకాయ జాడీ ఇద్దరం కలిసి ఎత్తాల్సి వచ్చింది. దాని కింద జులై. నూనె ఇంకి కాగితం అద్దంలా తయారైంది. చుట్టూ జాడీ అడుగు గుండ్రంగా అచ్చుపడింది. ఆ గుండ్రం లోపల, ఒక ఏకాదశి గడిలో, బాల్‌పెన్నుతో నా చేతిరాత, గదివారీ ప్యాకేజీ పేరు, కింద నా సంతకం.

పదీ యాభై ఎనిమిదికి చివరిది ఎక్కింది. సెట్టింగులు ఎలాగూ చెదరలేదు కాబట్టి గ్రాఫు దానంతటదే నాలుగు రంగుల్లోకి విడిపోయింది. లాప్‌టాప్, ఆ జులై కాగితం పట్టుకుని కిందికి పరిగెత్తాను. చేతులు కడుక్కోవడానికి కూడా టైము లేదు.

ఇంటర్వ్యూ చేసినావిడది నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. నేను స్క్రీన్ చూపిస్తూ చెబుతుంటే మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా అయ్యాక, ఇవన్నీ ఎప్పుడెప్పుడు వేశావో రికార్డు ఉందా అని అడిగింది. నేను ఆ నూనె కాగితం ఎత్తి కెమెరాకి చూపించాను. పొద్దున జరిగింది కూడా చెప్పేశాను, జాబితా నేను ఎక్కడ దాచుకున్నానో దాంతో సహా. దాచిపెట్టే ఓపిక ఇక నాలో లేదు. ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఆయన దగ్గర పాస్‌వర్డ్ ఎందుకుంది?" అని అడిగింది.

"అడిగారు. పెద్దాయన. కాదనలేకపోయాను."

"ఇక్కడ కూడా పెద్దవాళ్లు అడుగుతారు. మేనేజర్లు అడుగుతారు, కస్టమర్లు అడుగుతారు. అప్పుడేం చేస్తావు?"

"ఇప్పటిదాకా ఎవరికీ కాదని చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో ఇవాళ చూశాను. ఇక చెబుతాను" అన్నాను. ఆవిడ తలొంచుకుని ఏదో రాసుకుంది. కాల్ అయిపోయింది.

కాల్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని రూటర్ పాస్‌వర్డ్ మార్చడం. రెండో పని ఆ పదకొండు పేర్లూ రూటర్‌లో కాకుండా మూడు చోట్ల రాసి పెట్టుకోవడం. సాయంత్రం పైకెళ్లి అరిచినందుకు అంకుల్‌కి సారీ చెప్పాను. ఆయన "పర్లేదులేమ్మా" అని టీవీ వైపు చూస్తూ ఉండిపోయారు. పాస్‌వర్డ్ మార్చినందుకు మాత్రం సారీ చెప్పలేదు. అసలు మార్చానని కూడా చెప్పలేదు. ఆ పిరికితనం ఇంకా ఉంది నాలో.

రెండు వారాలకు మెయిల్ వచ్చింది. సెలెక్టయ్యాను. షాపులో డ్యూటీ మధ్యలో, ఉల్లిపాయల బస్తాల పక్కన నిలబడి చదువుకున్నాను.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున ఓక్‌విల్ బస్సుకు టైమవుతోందని పైకెళ్లి ఆంటీకి చెప్పి బయల్దేరుతున్నాను. ఆంటీ పెరుగన్నం డబ్బా చేతికిచ్చారు. అంకుల్ రూటర్ పక్కన నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, పాస్‌వర్డ్ మార్చినట్టున్నావు, తీసుకోవట్లేదు. నువ్వు ఆఫీసుకెళ్లిపోతే ఇక్కడ ఎవరు చూస్తారు? కొత్తది చెప్పి వెళ్లు" అన్నారు.

చెప్పేయడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ అక్షరాలు నాలుక చివరే ఉన్నాయి.

"చెప్పను అంకుల్" అన్నాను. "గ్రాఫులు చూడ్డానికి మీకు వేరే లాగిన్ చేసిస్తాను. మార్చేది మాత్రం నేనొక్కదాన్నే."

ఆయన నావైపు చూశారు, తర్వాత ఆంటీ వైపు చూశారు. ఆంటీ కొంగుకి చెయ్యి తుడుచుకుని, ఫ్రిజ్ మీది పెన్ను అందుకుని, గోడ దగ్గరికి వెళ్లి ఆ రోజు గడిలో పొందిగ్గా రాశారు: పాస్‌వర్డ్ చెప్పనంది.

రాసి, పెన్ను నా చేతికిచ్చారు. కింద సంతకం పెట్టాను.